పాత పికప్ బెడ్‌కి ఏ చెక్క?

టెక్సాస్ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా షాపుకి 1965 షెవర్లే పికప్ వచ్చింది. వెనక బెడ్‌కి ఏ చెక్క వేయమంటావ్?"

ముందు ఓనర్ని అడుగు తమ్ముడూ, బండి సామాను మోస్తుందా, షోలకి పోతుందా అని. మోసేదైతే ఎల్లో పైన్ చాలు. చవక, గట్టిది. అప్పటి షెవర్లే పికప్పుల్లో ఎక్కువగా ఉన్నదీ అదే.

ఓక్ కావాలంటారా, వైట్ ఓక్ తీసుకో. నేను రెడ్ ఓక్ వేసి దెబ్బతిన్నా. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టొచ్చిన చేయి ఇది, అయినా తప్పింది. రెడ్ ఓక్‌లో సన్న గొట్టాలు తెరుచుకుని ఉంటాయి, నీళ్లు పీల్చేస్తుంది. పైగా అడుగువైపు ఎవరు చూస్తారులే అని పూత వేయలేదు. నాలుగు వానలకే పలకలు దోనెల్లా వంగాయి. రెండు వారాల జీతం పోయింది. వైట్ ఓక్‌లో ఆ గొట్టాలు పూడిపోయి ఉంటాయి, అందుకే దానితో పీపాలు చేస్తారు.

ఏ చెక్కైనా బిగించకముందే అన్నివైపులా పూత పడాలి, కోసిన చివర్లకి మరీనూ. రాగి మందు పట్టించిన పచ్చి చెక్క వద్దు. ఎండితే సందులు పడతాయి, ఆ మందు మామూలు ఇనప బోల్టుల్ని తినేస్తుంది.

పాత పలక ఒక్కటి మిగిలినా పారేయకు. బోల్టు కన్నాలకి అదే నీ కొలత.