వీడియో అయ్యాక మొదలయ్యే పాఠం



పాతికేళ్ల కిందట కోనసీమలోని అమలాపురం కుర్రాడు ఐఐటీ ప్రొఫెసరు పాఠం వినాలంటే అక్కడ సీటు రావాల్సిందే. 2003లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి ఆన్‌లైన్‌లో వీడియో పాఠాలు అందించే ఎన్‌పీటెల్ మొదలుపెట్టాక ఆ అడ్డు తొలగింది. 2014లో సర్టిఫికెట్ కోర్సులొచ్చాయి, 2017లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ వచ్చింది. పాఠం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాలి. ఆ షరతే దానికి విలువ తెచ్చింది.

అయితే క్లాసులో వీడియో వేసి మాస్టారు పక్కన కూర్చుంటే అది బోధన కాదు. గంటంతా చెప్పి, చివరి ఐదు నిమిషాల్లో డౌట్లున్నాయా అని అడిగే పద్ధతి తలకిందులు కావాలి. వినడం ఇంటి దగ్గర, లెక్కలూ వాదనలూ తరగతిలో.

అందుకు కావలసిన సరుకు కోనసీమలోనే ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి నుంచి గ్యాస్ ఎగదన్నింది. మంటలు ఆర్పడానికి 65 రోజులు పట్టింది. లోతు పెరిగేకొద్దీ ద్రవపీడనం పెరుగుతుందని ఏ వీడియో అయినా పది నిమిషాల్లో చెబుతుంది. బావిలో నింపిన డ్రిల్లింగ్ మడ్ అనే బురద ద్రవం బరువు కింది గ్యాస్ ఒత్తిడికి చాలకపోతే ఏమవుతుంది? సాంద్రత ఎంత పెంచాలి? మరీ పెంచితే రాతిపొర పగలదా? ఇవి తేలాలంటే బోర్డు కావాలి, మాస్టారు కావాలి, ఎదురు ప్రశ్న వేసే విద్యార్థి కావాలి. ఆ మంటలు కళ్లారా చూసిన పెద్దలు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. వాళ్లను ఒక్కపూట తరగతికి పిలిస్తే ఆ లెక్క ఎవరూ మరిచిపోరు.

ప్రయోగాలకు కేంద్రం నడిపే వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో భాగస్వామి. తెరమీద ఒకసారి చేసి ల్యాబ్‌లోకి వెళ్తే భయం తగ్గుతుంది. లూజు కనెక్షన్ వెతికి పట్టుకోవడం మాత్రం చేతులకే తెలియాలి.

నెట్ ఎప్పుడూ ఉంటుందన్న ధీమా కూడా పనికిరాదు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత ఇంటర్నెట్ ఆపేస్తే, ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులు సిగ్నల్ కోసం గోదావరి గట్లకు చేరారు. అందుకే ముఖ్యమైన పాఠాలు కాలేజీ సర్వర్‌లో ముందే దించి ఉంచాలి.

ఈరోజు పట్టా అందుకుంటున్న ఇంజనీర్లలో కొందరు రేపు ఎంటెక్ చేసి పాఠాలు చెబుతారు. వాళ్లు చిన్నచిన్న తెలుగు వీడియోలు తీసి జూనియర్లకు ఇవ్వాలి. పి.గన్నవరంలో గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువను దాటించే అక్విడక్ట్‌తో మొదలుపెట్టవచ్చు. నీటి బరువు, ప్రవాహ వేగం, వరద తాకిడి మూడూ అక్కడ ఒకేచోట దొరుకుతాయి.