మట్టి గోడకు మట్టే పూయాలి



లక్డీకాపూల్ అంటే కట్టెల వంతెన. అక్కడ నౌకరీ చేసి రిటైరయ్యాక, ఉట్నూరు దగ్గర మా పాత ఇల్లు బాగుచేసుకుంటున్నా. 1940లలో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతులు ఉన్నదీ ఇలాంటి మట్టింట్లోనే.

టేకు గుంజలు గట్టిగానే ఉన్నాయి. సిమెంటు పూసిన గోడే పాడైంది. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు; లోపల మట్టి మెత్తబడి పెచ్చులూడుతుంది. దాన్ని గీకేసి, ఎర్రమట్టిలో తరిగిన గడ్డి, పేడ కలిపి, నానబెట్టి పూస్తున్నాం. పొద్దున మట్టి తొక్కుడు, సాయంత్రం మోకాళ్ల నొప్పులు!

గూనపెంకులు కప్పడం తెలిసినాయన ఊళ్లో ఒక్కరే మిగిలారు. ఆయనకు డెబ్బై దాటాయి. వానలు రాకముందే కప్పు పూర్తికావాలి. ఎండాకాలం సెలవుల్లో రండి. నిచ్చెన నేను పట్టుకుంటా, ఆయన చెప్తాడు, మీరు ఎక్కండి.