వేటకు సర్దుకున్న సంచి

లూకా సువార్త 22వ అధ్యాయము 35, 36 వచనములు తెరచి మీ యెదుట ఉంచుకొనండి.

వేట అనగానే అడవి, తుపాకి గుర్తుకొస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఆ వేట నేరము. అయితే మా గూడూరు నుండి బందరు మీదుగా గిలకలదిండి రేవుకు వెళ్ళి చూడండి. అక్కడ వేట అంటే సముద్రమే. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరబోట్ల వేటకు నిషేధము. ఆ 61 దినములు ముగుస్తున్నాయనగా రేవులో సర్దుకోవడము మొదలవుతుంది.

ఐసు, డీజిలు, బియ్యము, చింతపండు, ఎండుమిరపకాయలు, వలలు, లైఫ్ జాకెట్లు, వైర్‌లెస్ సెట్టు. నీళ్ళ మీదికే వెళ్తున్నా మంచినీళ్ళ డ్రమ్ములు ఎక్కించుకోవాలి. ఇంకా ఒక్క చేపైనా పడకముందే ఐసు నింపుకోవాలి. అది నిరీక్షణతో చేసే పని. సరంగు ఉన్నాడు గదా అని ఎవరూ వట్టి చేతులతో బోటు ఎక్కరు. అన్నీ సర్దుకున్నాము గదా, సరంగు ఎందుకు అని కూడా ఎవరూ అనరు.

ప్రభువు తన శిష్యులను మొదట సంచి, జాలె, చెప్పులు లేకుండానే పంపాడు. వారికేమీ తక్కువ కాలేదు. సిలువకు ముందటి రాత్రి మాత్రము, సంచి గలవాడు తీసుకొని వెళ్ళాలన్నాడు. ఆయన మాట మార్చాడా? లేదు. మొదట ఆయన మీద ఆనుకోవడము నేర్పాడు, తరువాత కష్టకాలమునకు సిద్ధపడుట నేర్పాడు. రెండూ విశ్వాసమే.

అయితే ప్రియులారా, సర్దుకోవడమంటే పెట్టుకోవడమే కాదు, తీసివేయడము కూడా. పనికిరాని బరువుతో బోటు నింపితే చేపలకు చోటెక్కడ?

నా సంగతే చెబుతాను. పొలము గట్టు తగాదాలో మా చిన్నాన్నగారితో మూడేళ్ళు మాట్లాడలేదు. ప్రతి ఆదివారము సంచిలో బైబిలు పెట్టుకొని, ఆయన గుమ్మము ముందు నుండే గుడికి వెళ్ళేవాడిని. వెళ్ళి బోధించేది క్షమాపణ! ఒక ఆదివారము మత్తయి 5వ అధ్యాయము 23, 24 వచనములు చదువుతుండగా నా గొంతు పెగలలేదు. ఆ సాయంత్రము వెళ్ళి తలుపు కొట్టాను. “వచ్చావా, కూర్చోరా” అన్నారు చిన్నాన్నగారు. అంతే. గట్టు ఇప్పటికీ అక్కడే ఉంది. నా సంచి తేలికైంది.

రేపు చూద్దాములే అంటారా? 1977 నవంబరు 19న దివిసీమలో వేలాదిమంది చనిపోయారు. వారిలో ఎందరో వేటకు వెళ్ళినవారు కారు, ఇండ్లలో ఉన్నవారే. ఆ దినమున సముద్రమే ఇంటికి వచ్చింది. సర్దుకొనే వ్యవధి అందరికీ దొరకదు.

ఇది చదువుచున్న నీవు ఎవరితో మాటలు మానివేశావు? ఈ పత్రిక ప్రక్కన పెట్టి, ఈ రాత్రే వెళ్ళు.

ప్రార్థన: ప్రభువా, మా పడవకు నీవే సరంగువు. మోయవలసినది మోయుటకు బలమునిమ్ము, దించవలసినది దించుటకు మనస్సునిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.