బాలింతరాలు – రక్తస్రావము



నేను వైద్యుడను గాను. సచివాలయములో దస్త్రములు చూచు ఆర్ట్సు పట్టభద్రుడను. అయినను దీవులలో కాపురముండు మన కుటుంబములకు అక్కరకు వచ్చు ఒక సంగతిని మనవి చేసెదను.

దీని చరిత్రయు దీవులలోనే ఆరంభమైనది. బాల్టిక్ సముద్రమున ఫిన్లండునకు చెందిన ఓలండ్ దీవులు కలవు. 1924లో అచ్చటి ఐదేండ్ల బాలికను, నెత్తురు ఆగని జబ్బునకై, ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ అను వైద్యునికి చూపిరి. ఆయన ఆమె వంశమున 66 మందిని గూర్చి విచారించి, 23 మందిలో ఈ వ్యాధి లక్షణములను గుర్తించి, 1926లో ప్రకటించెను. హీమోఫిలియా పురుషులను హెచ్చుగా బాధించును. ఇది స్త్రీలను సైతము విడువదు. ఆ బాలిక ఈడేరిన కొలదికాలమునకే, నాలుగవ ఋతుస్రావములో మరణించినది. వ్యాధికి ఆ వైద్యుని పేరే నిలిచినది.

తెగిన రక్తనాళమునొద్ద నెత్తురు గడ్డకట్టుటకు తోడ్పడు ఒకానొక మాంసకృత్తు వీరిలో కొరతపడును, లేదా సరిగా పనిచేయదు. గర్భిణికి నెలలు నిండుకొలది ఆ మాంసకృత్తు చాలమందిలో దానంతటదియే పెరుగును. కావున పురుడు సుఖముగా జరిగినదని ఇంటిల్లిపాదియు సంతోషింతురు. కాని ప్రసవానంతరము అది త్వరగా తగ్గి, కొన్ని వారములలో పూర్వస్థితికి వచ్చును. అసలు గండము అప్పుడే. తీవ్రరకము గలవారిలో ఆ పెరుగుదలయు ఉండదు.

ఆ దినములలో బాలింత ఎచ్చట నుండును? 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టు బ్లెయిరులో పురుడు పోసికొని, ఓడనెక్కి, ఐదువందల కిలోమీటర్లకు పైబడిన క్యాంప్‌బెల్ బే చేరియుండవచ్చును. బాలింతకు ఎరుపు కనబడుట సహజమేయని పెద్దలు సరిపెట్టుకొందురు. తగ్గుముఖము పట్టిన స్రావము మరల హెచ్చినచో సరిపెట్టుకొనరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను.

నెలసరి మితిమీరుట, పన్ను తీయించినప్పుడు నెత్తురు ఆగకపోవుట, ముక్కునుండి తరచు రక్తము కారుట ఇంటిలో ఎవరికైన ఉన్నచో, గర్భము నిలిచిన తొలినాళ్లలోనే చెప్పవలెను. మేనరికములు గల మన ఇండ్లలో ఇది మరింత అవసరము. తీవ్రరకము తల్లిదండ్రు లిరువురినుండియు సంక్రమించును. రక్తపరీక్షలు కలవు, ట్రానెక్సామిక్ ఆమ్లము, డెస్మోప్రెస్సిన్ వంటి మందులు కలవు. ఏది, ఎప్పుడు, ఎవరికి అనునది వైద్యుడే నిర్ణయించును. ఆయన చెప్పనిదే ఆస్పిరిన్ మ్రింగరాదు.

ఇది సిగ్గుపడి దాచదగిన విషయము కాదు. పెండ్లి సంబంధము చెడునన్న భయముతో తల్లి దాచిన మాట, కూతురి ప్రాణము మీదికి రావచ్చును. ఈ కబురును మీ ఆడపడుచులకు, కోడండ్రకు తప్పక చెప్పుడు.