నూటికి ఎన్ని యిండ్లు?
(సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



షోలాపురము తూర్పు పేటలలోని మన యిండ్లలో నూటికి ఎన్నింట పిల్లలు తెలుగు చదువగలరో తెలిసికొనవలెనని తలపెట్టితిమి. 1956 నాటి సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. దాని నాధారముగా గొని అర్జీ వ్రాయునపుడు అందలి అంకె నిలువవలెను గదా.

మొదట మేము పడిన పొరపాటు చెప్పెదము. ఇరువది వీథులలో వీథికి ఇరువదేసి యిండ్లు చూచిన నన్నూరు యిండ్ల బలము చేకూరునని తలచితిమి. వర్తకులమై యుండియు నిట్లు తలచుట సిగ్గుచేటు. ఒకే నూలు బేలు విప్పి ఇరువది చిలపలు తీసి చూచిన, ఇరువది బేళ్లు చూచినట్లగునా? ఒకే మిల్లు, ఒకే లాటు; మొదటి చిలప చెప్పినదే కడమవియు చెప్పును. వీథియు నట్టిదే. ఒకే బడి, ఒకే భజన మందిరము. ఒక యింట తెలుగు చదువు నిలిచిన పొరుగింటను నిలుచుట కద్దు.

నూటికి 60 వచ్చెననుకొందము. యిండ్లను ఊరంతట విడివిడిగా చీట్లు వేసి తీసియుండిన, హద్దులు సుమారు 55, 65. నూరు మారులు ఇట్లే చేసిన సుమారు 95 మారులు అట్టి హద్దులు నిజమును పట్టుకొనునని దీని యర్థము. కాని వీథిలోని యిండ్ల పోలిక 0.1 అనుకొనుడు. 19ని దానిచే గుణించి ఒకటి కలుప 2.9. లెస్లీ కిష్ 1965 నాటి తన గ్రంథమున దీనిని డిజైన్ ఎఫెక్ట్ అనెను. 400ను 2.9చే భాగింప 138! హద్దులు 52, 68 వరకు విరియును. వీథులు ఇరువదియే గాన నింకను కొంత. "నూటికి 55కు తగ్గదు" అని వ్రాయ సిద్ధపడిన మా కలము ఆగినది.

నేటి కర్ణాటకలోని హడగలియందు 1920లో తెలుగింట జన్మించిన సి. ఆర్. రావుగారు, మహలనోబిస్ గారు 1931లో కలకత్తాలో స్థాపించిన సంస్థలో పెక్కేండ్లు పనిచేసిరి. ఈ శాస్త్రము మనకు పరాయిది కాదు.

కావున ఎనుబది వీథులు, వీథికి ఐదిండ్లు. యిండ్లు నన్నూరే, బలము సుమారు 286. నడక మాత్రము హెచ్చును. వీథులను చీట్లు వేసి తీయుదము, తెలిసినవారి వీథులని కాదు. తాళము వేసిన యింటికి మారుగా పొరుగిల్లు వ్రాయరాదు; మగ్గముల పని ముగిసిన వేళ మరల పోవలెను. ఎనుబది వీథులకు నలువదిమంది కావలెను. పేర్లు ఈ రాత్రియే ఈయగోరెదము.