ఫ్రీ టికెట్టు వచ్చింది, ఇక బస్సు రావాల

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)

 

పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి గురించి మా కంటే ముందు అక్కలు చెప్పినారు. మేము దారి గురించి చెప్తాము.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ కార్డు చూపిస్తే మనకు సున్నా టికెట్టు ఇస్తారు. చానా సంతోషం. కానీ మా ఊరి ఆడోళ్లు ఆ టికెట్టు చేతిలో పట్టుకోవాలంటే ముందు మూడు కిలోమీటర్లు మట్టిదారిలో నడవాల. లేదంటే ఆటోకు డబ్బులు ఇయ్యాల. బస్సు ఫ్రీ అయింది గానీ బస్సు దాకా పోయే ఖర్చు అట్లే ఉంది.

గుత్తి అంటేనే దారులు కలిసే తావు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మన పక్కనే పోతుంది. బళ్లారి వైపు నుంచి తాడిపత్రి వైపు పోయే 67వ నంబరు రోడ్డు ఇక్కడే దాన్ని కలుస్తుంది. రైలు జంక్షన్ ఉంది. ఇన్ని దారుల నడుమ ఉండి కూడా వాన పడితే మేము ఊరు దాటలేము. మాది నల్లరేగడి. తడిస్తే చెప్పు దిగబడి బయటికి రాదు. ఊరికీ రోడ్డుకీ నడుమ వంక ఒకటి ఉంది.

“మనది కరువు సీమ, వంక పారేదే సంవత్సరానికి నాలుగు దినాలు, దానికి కల్వర్టు ఎందుకు?” అని అడిగినవాళ్లు ఉన్నారు. రెండేండ్ల కింద ఆ నాలుగు దినాల్లోనే ఒక రాత్రి మా సంఘం అక్క కోడలికి నొప్పులు వచ్చినాయి. 108 బండి వంక అవతల నిలబడిపోయింది. మంచం మీద పండబెట్టి నలుగురు మోసుకొని మోకాలి లోతు నీళ్లలో దాటించినారు. దేవుడి దయ, తల్లీ బిడ్డా బాగున్నారు. ఆ పాప ఇప్పుడు నడుస్తా ఉంది. ఆ రాత్రి ఒడ్డున నిలబడినోళ్లము మాత్రం ఇంకా మర్చిపోలేదు. నాలుగు దినాలు అనే మాట ఆ పొద్దు నుంచి మా ఊర్లో ఎవరూ అనలేదు.

తర్వాత మేము అర్జీలు పట్టుకొని తిరిగినాము. ఇక్కడ మా తప్పులు కూడా చెప్పాల, మీరు అవే తప్పులు చేయకుండా ఉండేదానికి.

మొదటి తప్పు. ఏ రోడ్డు ఎవరిదో తెలుసుకోకుండా తిరిగినాము. ఒక ఆఫీసులో అర్జీ ఇస్తే ఆర్నెల్లకు “ఇది మా రోడ్డు కాదమ్మా” అన్నారు. జాతీయ రహదారి కేంద్రానిది. జిల్లా పెద్ద రోడ్లు ఆర్ అండ్ బీ వాళ్లవి. పల్లె నుంచి పెద్ద రోడ్డుకు కలిపేది పంచాయతీరాజ్ ఇంజనీర్లు చూస్తారు. ఊరి లోపలి వీధులు పంచాయతీవి. ఇది ముందే తెలిసి ఉంటే మాకు ఆర్నెల్ల కూలి దినాలు మిగిలేవి.

రెండో తప్పు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో ఉండే పంచాయతీలు అన్నిట్లోనూ ఒకే దినం గ్రామసభలు పెట్టినారు. మా సంఘం నుంచి పోయింది ముగ్గురమే. మిగతావాళ్లము చేన్లకు పోయినాము. పనుల జాబితాలో ఊరి లోపల సిమెంటు రోడ్లు రాసినారు, వంక దారి పడలేదు. సభలో లేకుండా ఇంట్లో కూర్చొని బాధపడితే ఎవరిని అనేది?

మూడో సంగతి తప్పు కాదు, మాకు తెలియని నియమం. 2000 సంవత్సరం డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద రోడ్డు లేని ఊర్లకు తారు రోడ్డు వేస్తారు. మామూలు ప్రాంతాల్లో 500 జనాభా ఉండాల. ఎడారి అభివృద్ధి పథకం కింద గుర్తించిన ప్రాంతాల్లో 250 ఉంటే చాలు. మన అనంతపురం జిల్లా ఆ పథకంలోకి వచ్చిన జిల్లా. మాకు జనాభా సరిపోయింది, ఆశ పడినాము. తీరా చూస్తే, పక్క ఊరి మీదుగా చుట్టు తిరిగి వచ్చే రోడ్డు ఒకటి ఉంది కాబట్టి మాది “రోడ్డు ఉన్న ఊరు” కింద లెక్కలో ఉంది. ఒక పక్క దారి ఉంటే రెండో దారికి ఆ పథకంలో ముందు వరసలో తావు ఉండదు.

అప్పుడు మేము కూర్చొని వేరే దోవ ఆలోచించినాము. మొత్తం ఒకే తూరి అడగకుండా పనిని ముక్కలు చేసినాము. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మన జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది కదా. అప్పుడు అందులో 60 పాళ్లు కూలికి, 40 పాళ్లు సామాగ్రికి ఉండేది. మట్టి పని, గ్రావెల్ పని దాంట్లో పెట్టించే వీలు ఉండేది. వంక మీద చిన్న కల్వర్టుకు 15వ ఆర్థిక సంఘం నిధుల్లో అడిగే వీలు ఉండేది. ఆ నిధుల్లో 60 పాళ్లు నీళ్లకు, పారిశుద్ధ్యానికే వాడాల్సి ఉండేది. మిగతా 40 పాళ్లు ఊరి అవసరాన్ని బట్టి పంచాయతీ వాడుకునే వీలు ఉండేది.

అడిగే ముందు లెక్క రాసినాము. పదో తరగతి చదివే ఇద్దరు ఆడపిల్లలను వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఏడు దినాలు ఎవరెవరు ఎందుకు పోతున్నారో నోటు పుస్తకంలో రాయించినాము. చేన్లకు పోయేవాళ్లే ఎక్కువ అనుకున్నాము. చూస్తే పొద్దున పూట బడికి, కాలేజీకి పోయే ఆడపిల్లలే ఎక్కువ. రెండో వరస పాలు పోసేవాళ్లు. మూడో వరస ఆస్పత్రికి పోయే ముసలోళ్లు. ఆ పుస్తకం ముందు పెట్టినప్పుడు ఇంజనీరు సారు మొదటిసారి మమ్మల్ని కూర్చోమన్నాడు.

ఇక భూమి సంగతి. దారి వెడల్పు చేయాలంటే రెండు పక్కలా చేన్లు ఉన్నాయి. భూమి కొనేదానికి ఇట్లాంటి పనుల్లో డబ్బు ఉండదు. అడ్డం వచ్చిన చేను మా సంఘం అక్కదే. ఉండేదే రెండెకరాలు. మేమందరం ఆమె ఇంటికి పోయి “ఊరి కోసం ఇయ్యక్కా” అన్నాము. ఆమె ఒకటే మాట అడిగింది: “ఊరు అంటే మీరే కదా, నా రెండు సాళ్లు పోతే మీలో ఎవరు ఇస్తారు?” మా నోట మాట రాలేదు. ఆమెది తప్పు కాదు. తర్వాత సర్వేయరు చేత కొలిపించినాము. పాత బండిదారి గెనెం కింద కొంత, ఎదురు చేన్లో కొంత ఉందని తేలింది. అప్పుడు రెండు పక్కలా సమంగా తీసుకోవాలని, కొత్త గెనెం ఉపాధి పనిలో కట్టించాలని తీర్మానం రాసినాము. ఆమె సంతకం పెట్టింది. త్యాగం ఒక్కరి మీద వేసి మిగతావాళ్లు చప్పట్లు కొట్టేది సంఘం పద్ధతి కాదని ఆమె మాకు నేర్పింది.

ఇప్పటికి గ్రావెల్ వంక దాకా పడింది. కల్వర్టు ఇంకా పడలేదు. బస్సు రాలేదు. వచ్చిందని మేము గొప్పలు చెప్పము. కల్వర్టు అయితే డిపోకు పోయి, మా నోటు పుస్తకం చూపించి, కనీసం బడి టైముకు ఒక ట్రిప్పు వేయమని అడుగుతాము.

అక్కలారా, అక్టోబరు 2 నుంచి వచ్చే సంవత్సరం పంచాయతీ ప్రణాళిక గ్రామసభలు మొదలవుతాయి. దానికి ముందు మన గ్రామ సంఘాలు గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక రాసి పంచాయతీకి ఇయ్యాల. పింఛన్లు, ఇండ్లు, జాబ్ కార్డులు రాసి ఊరుకుంటున్నాము. ఊరి ఉమ్మడి వసతులకు కూడా అందులో తావు ఉంది. దారి అక్కడ రాయండి. రాసేటప్పుడు మూడు చూసుకోండి: ఆ రోడ్డు ఎవరిది, దాని మీద ఎవరు ఎందుకు పోతున్నారు, భూమి ఎవరిది పోతుంది.

పని పడిన తర్వాత కూడా కన్ను వేసి ఉంచండి. సడక్ యోజన రోడ్డు అయితే ఐదేండ్ల దాకా గుంతలు పూడ్చే బాధ్యత కాంట్రాక్టరుదే. దారి మొదట్లో ఉండే బోర్డు మీద పొడుగు, ఖర్చు, పూర్తయిన తేదీ ఉంటాయి. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి చెప్పండి.

అప్పు కంతు ఒక్క నెల తప్పితే పది మందిమి పోయి ఆ ఇంటి ముందర కూర్చుంటాము. అదే పట్టుదలతో గ్రామసభలో కూడా కూర్చుందాము. వచ్చే సర్వసభ్య సమావేశానికి మా ఊరోళ్లము మా ఊర్లోనే బస్సు ఎక్కి వస్తామని ఆశ పడుతున్నాము.