దిక్కుల పేర్లు ఎవరు పెట్టిండ్రు?



ఇయ్యాల మనం ఇటలీ వాళ్ళ దిక్కుల పేర్ల గురించి మాట్లాడుకుందాం. ఇదేం ముచ్చట అని నవ్వకండి. దిక్కు పేరు వెనుక కూడా రాజకీయం ఉంటది.

ఇటలీ భాషల తూర్పుకు ఒక పేరు 'లెవాంతె', పొద్దు లేచే దిక్కు. పడమర 'పొనెంతె', పొద్దు కుంకే దిక్కు. మన పడమరల కూడ 'పడు' అనే మాటే ఉన్నది గదా! ఉత్తరం 'సెత్తెంత్రియోనె', అంటే ఏడు దుక్కిటెడ్లు. మనకు సప్తర్షులుగా కనిపించే చుక్కలు పాత రోమన్లకు ఎడ్లుగా కనిపించినయి. దక్షిణం 'మెజ్జోజోర్నో', మిట్టమధ్యాహ్నం. అక్కడ పగటి పన్నెండుకు పొద్దు దక్షిణానే ఉంటది. అన్నీ ఆకాశం చూసి పెట్టిన పేర్లు. ఎవరికీ పేచీ లేదు.

పేచీ మనిషి నిలబడ్డ చోటుతోని మొదలైతది. జెనోవా నగరానికి అటొక సెస్త్రీ, ఇటొక సెస్త్రీ. ఒకటి 'సెస్త్రీ లెవాంతె', ఇంకొకటి 'సెస్త్రీ పొనెంతె'. ఎవరికి తూర్పు, ఎవరికి పడమర? జెనోవాకు!

1861ల ఇటలీ ఏకమైనంక మధ్యాహ్నం పేరు కాస్తా వెనుకబాటు పేరయింది. మెజ్జోజోర్నో కింద 8 ప్రాంతాలను లెక్కగడతరు. అందులో అబ్రూజ్జో ఒకటి. దాని రాజధాని లాక్విలా రోమ్ నగరానికి ఉత్తరాన ఉన్నది! అయినా అది 'దక్షిణమే', ఎందుకంటే ఒకప్పుడు నేపుల్స్ రాజ్యంల ఉండె. అంటే ఇది దిక్సూచి చెప్పిన దక్షిణం కాదు, చరిత్ర చెప్పిన దక్షిణం. ఉత్తరాది ప్రచారం దక్షిణాదిని దేశం కాళ్ళకు కట్టిన సీసపు గుండు లెక్క చూపెడుతున్నదని సార్డీనియా బిడ్డ ఆంతోనియో గ్రాంసీ 1926లనే రాసిండు. అసుంటి మాటలు మనం విననివేం కావు. 1950ల దక్షిణాది కోసం ప్రత్యేక నిధి పెట్టిండ్రు, 1984ల ఎత్తేసిండ్రు. అంతరం మాత్రం పోలేదు.

ఇంక ఉత్తరపు కొసకు పోదాం. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆస్ట్రియా నుంచి ఇటలీకి వచ్చిన కొండప్రాంతం అది. జర్మన్ మాట్లాడేవాళ్ళే ఎక్కువ. ఆ జనం తమ నేలను 'స్యూద్‌టిరోల్' అంటరు, దక్షిణ టిరోల్ అని. ఇటలీ వాళ్ళు 'ఆల్తో ఆదిజె' అంటరు, ఆదిజె నది ఎగువ అని. నేల ఒక్కటే. ఒకరు ఉత్తరాన నిలబడి కిందికి చూసిండ్రు, ఇంకొకరు దక్షిణాన నిలబడి మీదికి చూసిండ్రు.

చూసి ఊకుంటే బాగుండు. 1923ల ఫాసిస్టు సర్కారు టిరోల్ అనే మాటనే నిషేధించింది. 'డేర్ టిరోలర్' అనే పత్రిక తన పేరే మార్చుకోవాల్సి వచ్చింది. పత్రిక నడిపే మనకు ఆ బాధ వేరే చెప్పాల్నా! ఎత్తోరె తొలొమెయి అనే పెద్దమనిషి జాబితా తయారుచేస్తే, ఊర్లకూ వాగులకూ గుట్టలకూ ఇటలీ పేర్లు తగిలించిండ్రు. స్టెర్ట్‌సింగ్ అనే ఊరు కాగితాల మీద 'విపితేనో' అయింది. ఇండ్లల్ల మాత్రం స్టెర్ట్‌సింగే.

1972ల వచ్చిన రెండో స్వయంపాలన చట్టంతోని పాలన చానా మట్టుకు స్థానికుల చేతికి వచ్చింది. 2001 రాజ్యాంగ సవరణల ఆల్తో ఆదిజె పక్కన గీత గీసి 'స్యూద్‌టిరోల్' అని చేర్చిండ్రు. నిషేధించిన మాట రాజ్యాంగంలకు ఎక్కడానికి 78 ఏండ్లు పట్టింది. తొలొమెయి పెట్టిన పేర్ల తగాదా ఇంకా తెగలేదు.